మరాయా దీవిలో నా జైలు యోగం

పెళ్ళి కోసం గుళ్ళు తిరిగినవాళ్ళని చూశాను, ఉపవాసాలున్నవాళ్ళని చూశాను. జైలుకెళ్ళినవాణ్ణి మాత్రం నన్ను తప్ప ఇంకెవర్నీ చూడలేదు. అదీ నన్నెవరూ పట్టుకెళ్ళలేదు. ఆఫీసులో సెలవు పెట్టి, విమానం టికెట్టు కొనుక్కుని, ముందుగా ఫోన్ చేసి మంచం బుక్ చేసుకుని మరీ వెళ్ళాను. ఇందులో ఉన్న ఒక పెద్దావిడ బతికుండగా ఇది రాయకూడదనుకున్నాను. పోయిన చలికాలంలో ఆవిడ వెళ్ళిపోయారు. ఇక రాస్తాను.

నేను వెళ్ళింది మరాయా అనే దీవికి. రాయడానికి మరియా అనే రాస్తారు గాని అక్కడివాళ్ళు పలకడం అలా పలుకుతారు. ఆస్ట్రేలియా మ్యాపులో అట్టడుగున టాస్మేనియా ఉంటుంది, దాని తూర్పు ఒడ్డు నుంచి అరగంట పడవ ప్రయాణం. మనకి అండమాన్ ఎలాగో, ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చిన ఖైదీలకి అలాంటి దీవులు నాలుగైదున్నాయి, అందులో ఇదొకటి. ఇప్పుడది నేషనల్ పార్కు. ఒక్క గవ్వ కూడా ఏరుకుని జేబులో వేసుకోకూడదు. కారు లేదు, కొట్టు లేదు, గదుల్లో కరెంటు లేదు. తిండి మనమే మోసుకెళ్ళాలి, చెత్త మనమే మోసుకురావాలి. ఆనాటి ఖైదీల గదుల్లో మాత్రం వచ్చినవాళ్ళని పడుకోనిస్తారు. నాకు కావలసింది సరిగ్గా అదే.

పరిహారం

ఇది రెండువేల సంవత్సరం జనవరి సంగతి. అప్పట్లో సిడ్నీలో తెలుగువాడు ఎదురైతే ఉద్యోగం ఏమిటని అడిగేవాళ్ళం కాదు, కోబాలా టెస్టింగా అని అడిగేవాళ్ళం. నాది కోబాల్, పాతకాలపు కంప్యూటరు భాష. ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెలున్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం, ఏడాదిన్నరపాటు అదే పని. కంప్యూటర్లన్నీ ఆగి లోకం తలకిందులైపోతుందన్న జనవరి ఒకటిన ఆఫీసులో చల్లారిన పిజ్జా తింటూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడానికే మాకు జీతమిచ్చారని ఇప్పటికీ చాలామందికి తెలీదు.

వెస్ట్‌మీడ్‌లో రెండు గదుల అద్దె ఫ్లాటులో నేనూ ఖాదరూ ఉండేవాళ్ళం. ఖాదర్‌ది గుంటూరు, నాది ఒంగోలు. వాడు టెస్టింగ్. పై అంతస్తులో పద్మ ఉండేది. విజయనగరం అమ్మాయి, పక్కనే ఉన్న ఆస్పత్రి లాబ్‌లో పని. లిఫ్టులేని ఆ మెట్ల మీద ఏడాదిపాటు ఎదురుపడీ ఎదురుపడీ చివరికి ఒక మాట అనుకున్నాం. పద్మ ఒక్కటే షరతు పెట్టింది. "అమ్మ ఔనంటేనే శ్రీధర్. అమ్మని ఏడిపించి నేను పెళ్ళి చేసుకోను. తర్వాత నన్ను బతిమాలొద్దు."

ఆ అమ్మ, కామేశ్వరి ఆంటీ, నవంబరులో మూడు నెలల వీసా మీద కూతురి దగ్గరికొచ్చారు. నన్ను చూశారు, నచ్చానన్నారు. గుత్తివంకాయ వండి పెట్టారు. జీతమెంత అని అడగలేదు, ఇల్లుందా అని అడగలేదు. జాతకం ఒక్కటి అడిగారు. ఒంగోలు నుంచి ఫ్యాక్సు తెప్పించి ఇచ్చాను. అది విజయనగరంలో వాళ్ళ సిద్ధాంతిగారికి వెళ్ళి వారం తిరక్కుండా జవాబొచ్చింది. అబ్బాయికి ముప్ఫై నిండేలోగా బంధన యోగం, అంటే జైలు రాసి ఉంది. నాకప్పుడు ఇరవైతొమ్మిది.

"పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి ఆంటీ, నన్నెవరు పట్టుకుంటారు" అన్నాను.

"పట్టుకున్నోళ్ళందరూ దొంగలేటి నాయనా" అన్నారు ఆవిడ.

పరిహారం కూడా సిద్ధాంతిగారే చెప్పారు. తనంతట తాను వెళ్ళి ఒక రాత్రి జైల్లో నిద్రచేసి, జైలు కూడు తింటే దోషం తీరిపోతుందట. మన వైపు ఈ పని చేసేవాళ్ళున్నారు. తెలిసిన జైలరుని పట్టుకుని, లోపల ఒక పూట అన్నం తిని వచ్చేస్తారు. సిడ్నీలో నేను ఏ జైలు గేటు ముందు నిలబడి తలుపు తియ్యండని అడగను? ఇటు చూస్తే ఆదివారం సాయంత్రం ఆంటీ విమానం. అటు విజయనగరంలో ఒక బ్యాంకు ఆఫీసరు సంబంధం ఆవిడ రాక కోసమే కాచుకుని ఉంది. దిగగానే ఔనో కాదో చెప్పాలి.

నేను జుట్టు పీక్కుంటుంటే ఖాదర్ లైబ్రరీ నుంచి ఒక రంగుల కాగితం తెచ్చాడు. "ఒరే, నీకు జైలు దొరికిందిరా. సముద్రం ఒడ్డున, గాలీ వెలుతురూ. మంచం ఎనిమిది డాలర్లంట. అప్పుడు ఖైదీలకి ఫ్రీ, ఇప్పుడు మనకి ఛార్జీ."

ఆంటీ ఫోన్ కార్డు గీకి సిద్ధాంతిగార్ని అడిగారు. ఏ దేశమైనా జైలు జైలేనన్నారట. ఆడబోయిన తీర్థం ఎదురైనట్టయింది నాకు. శుక్రవారం పొద్దున్నే నేనూ ఖాదరూ బయల్దేరాం. శనివారం సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం, ఆదివారం ఆంటీ నిశ్చింతగా విమానమెక్కుతారు. అలా అనుకున్నాం.

నిమ్మకాయ

టాస్మేనియాలో దిగే హోబర్ట్ విమానాశ్రయం అప్పట్లో మన జిల్లా బస్టాండంత ఉండేది. సామాన్ల కోసం నిలబడ్డవాళ్ళ మధ్యన ఒక చిన్న కుక్క తిరుగుతోంది, దాని వెనక ఒక ఆఫీసరమ్మ. కుక్క నా కాళ్ళ దగ్గరికొచ్చి బుద్ధిగా కూర్చుంది. ముద్దుగా ఉందని తల నిమిరాను. ఆ కుక్క కూర్చుందంటే మన దగ్గర తేకూడనిది ఉందని అర్థమట.

టాస్మేనియాలోకి బయటి పళ్ళూ ఆకులూ రానివ్వరు, పురుగులొస్తాయని. నా దగ్గరేమీ లేవని ధైర్యంగా సంచీ విప్పాను. బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా, ఇంగువ డబ్బా. ఆఫీసరమ్మ ఇంగువ వాసన చూసి తల వెనక్కి తీసుకుంది గాని దాన్నేమీ అనలేదు. అట్టడుగున పసుపు పూసిన నిమ్మకాయ దొరికింది. ఆంటీ ఎప్పుడు పెట్టారో నాకే తెలీదు.

"ఇదెందుకు?" అంది.

నేను నోరు తెరిచేలోపే ఖాదర్ అందుకున్నాడు. "సేఫ్టీ కోసం మేడమ్."

ఆవిడ ఒక్క క్షణం చూసి నిమ్మకాయని చెత్తబుట్టలో వేసింది. జరిమానా వెయ్యకుండా వదిలింది. అద్దె కారెక్కాక ఖాదర్ నవ్వుతూనే ఉన్నాడు. "అరెస్టు చేసి ఉంటే ఇక్కడే పనైపోయేది గదరా. పడవ ఖర్చు మిగిలేది." ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకం వాడు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో క్లైడ్ నార్త్‌లో ఉంటున్నాడు, తాతయ్యాడు, ఆ రకం మాత్రం మారలేదు.

రేవు

అక్కణ్ణుంచి రేవుకి గంటన్నర. ఆ దారి ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఎండిన గడ్డి కొండలు, గొర్రెలు, మైళ్ళకి మైళ్ళు మనిషి లేడు. మనకైతే అంత ఖాళీ రోడ్డు పక్కన ఈపాటికి ఒక టీ కొట్టు, పంక్చరు షాపు, చిన్న గుడి లేచి ఉండేవి.

రేవు ఊళ్ళో బేకరీలో ఒక పెద్దామె సముద్రపు గుల్లల మాంసం పెట్టిన కూర పఫ్ లాంటిది అమ్ముతోంది. ఒక్కొక్కటి నాలుగు డాలర్లు. అప్పట్లో ఏది కొన్నా మనసులో ఇరవై ఎనిమిదితో గుణించుకునే జబ్బు మాకు. నూట పన్నెండు రూపాయల పఫ్ అని నేను లెక్కలో ఉండగానే ఖాదర్ రెండోది తింటున్నాడు. లోపల పచ్చగా మసాలా కూర. టాస్మేనియాలో కూర పొడి వేస్తారని నేనెప్పుడూ అనుకోలేదు.

"దీవికా? ఎన్ని రోజులకి సరుకులు తీసుకున్నారు?" అని అడిగిందామె.

"ఒక్క రోజుకి" అన్నాను.

"ఎప్పుడూ ఒక రోజుకి ఎక్కువే పట్టుకెళ్ళాలి" అందామె. కొట్టువాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను.

తాళం

పడవ దిగగానే ముందు కనిపించేవి మనుషులు కారు, బాతులు. బూడిదరంగు పెద్ద పెద్ద అడవి బాతులు పచ్చికలో మేస్తున్నాయి. పక్కన ఎలుగుపిల్లల్లాంటి వాంబాట్లు. ఎవరూ ఎవర్నీ పట్టించుకోరు. కొంచెం మెట్టెక్కితే సున్నం వేసిన పొడుగాటి ఇటుక భవనం, వరసగా గదులు, గదికొక తలుపు. అదే నా జైలు. చూడగానే మా ఒంగోలు ప్రభుత్వ హాస్టలు గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే హాస్టలు కన్నా శుభ్రంగా ఉంది.

రేంజరు ఒక నడివయసు ఆమె. పుస్తకంలో పేర్లు రాసుకుంటుంటే అడిగాను. "తలుపుకి తాళం ఉందా?"

"లోపల గడియ ఉంది."

"లోపలిది కాదు. బయట నుంచి వెయ్యడానికి."

ఆమె కలం పక్కన పెట్టింది. ఖాదర్ అంతా విడమరిచి చెప్పాడు, జాతకం, గ్రహాలు, పెళ్ళి. ఆమె నవ్వలేదు. "ఇక్కడ అందరూ నన్ను తాళంచెవి అడుగుతారు. తనని లోపల పెట్టి తాళం వెయ్యమన్న మొదటివాడివి నువ్వే. కాని వెయ్యను. నిప్పంటుకుంటే బయటికి రాలేవు, నా ఉద్యోగం పోతుంది" అంది.

గదిలో రెండంతస్తుల చెక్క మంచాలు ఆరు, ఒక బల్ల, కట్టెల పొయ్యి. ఆరోజు మేమిద్దరమే. ఖాదర్ అన్నం, పప్పుచారు వండాడు. జైలు కూడంటే కప్పు మీద కప్పు పప్పుచారూ ఆవకాయా వేసుకుని తినడమైతే, ఆ జైలు ఎవరికైనా ఇష్టమే. ఇంగువ పోపు వాసనకి పక్క గది నుంచి ఒక ముసలాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పేరు రాన్. డెబ్బై దాటి ఉంటాడు, ఊతకర్ర, ఊలు టోపీ. ఒక గిన్నెడు పప్పుచారు తాగి, కళ్ళు తుడుచుకుని, ఇంకో గిన్నె అడిగాడు.

హాయిగా నిద్రపట్టింది. పొద్దున లేచి, యోగం తీరిపోయిందిరా అని ఖాదర్ భుజం చరిచాను.

సమాధి రాయి

పడవకింకా టైముందని రాన్ మమ్మల్ని కొండవాలున ఉన్న శ్మశానానికి తీసుకెళ్ళాడు. సముద్రానికెదురుగా పది పదిహేను రాళ్ళు. అందులో ఒకటి చూపించాడు. తమ నేల కోసం బ్రిటిష్‌వాళ్ళతో పోరాడినందుకు న్యూజిలాండ్ నుంచి పట్టుకొచ్చిన మావోరీలనే ఆదివాసీ ఖైదీలు ఐదుగురు ఇక్కడుండేవాళ్ళట. ఒకడు క్షయతో ఇక్కడే పోయాడు. వందేళ్ళు దాటాక అతని జాతివాళ్ళు పడవేసుకొచ్చి, ప్రార్థనలు చేసి, ఎముకలు తవ్వి తీసుకుని సొంత నేలకి పట్టుకెళ్ళారట. రాయి మాత్రం మిగిలింది.

"అంతకాలం ఎవరు గుర్తుపెట్టుకున్నారు?" అని అడిగాను.

"ఇంటివాళ్ళు. ఇంకెవరు పెట్టుకుంటారు" అన్నాడు రాన్.

అప్పటికే గాలి మొదలైంది. టోపీలు చేత్తో పట్టుకుని కిందికి దిగాం. రేవు గట్టు మీద రేంజరమ్మ నిలబడి ఉంది. ఈరోజు పడవ రాదు, జలసంధిలో అలలు పెద్దవిగా ఉన్నాయి, రేపు పొద్దున చూద్దాం అని చెప్పింది. అంత మామూలుగా చెప్పింది. రేపు సాయంత్రమే ఆంటీ విమానం.

ఫోను

రేంజరు ఆఫీసు పక్కన ఒక పబ్లిక్ ఫోనుంది. చిల్లరంతా పోగేసుకుని పద్మకి చేశాను. ఆంటీయే ఎత్తారు.

"ఐపోయిందండి ఆంటీ. రాత్రి నిద్రచేశాను. కానీ పడవ..."

"తలుపుకి తాళమేసారేటి?"

"వెయ్యలేదాంటీ. రూల్సు ఒప్పుకోవంట."

"తిండి?"

"ఇక్కడే తిన్నాను. పప్పుచారు."

"ఎవులొండినారు?"

"ఖాదర్."

ఆంటీ ఒక నిట్టూర్పు విడిచారు. "తలుపు నీ సేతిలో, తిండి నీ స్నేహితుడి సేతిలో. డబ్బులిచ్చి పడుకున్నావు. అది లాడ్జీ నాయనా, జైలెలాగవుద్ది? నా మనసు ఒప్పట్లేదు."

ఫోను పద్మ తీసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గాలిహోరు మీద అరిచాను. "ఏమిటీ చాదస్తం పద్మా? రెండువేల సంవత్సరంలో ఉన్నాం. ఎక్కడో సిద్ధాంతి ఏదో అంటే నేను సముద్రం మధ్యలో దీవిలో పడి ఉన్నాను. అదీ చాలలేదా మీ అమ్మకి?"

అవతల తలుపు మూసిన చప్పుడు. బాల్కనీలోకి వెళ్ళినట్టుంది.

"శ్రీధర్, నాన్న జైలుకెళ్ళారు" అంది. "నాకు ఎనిమిదేళ్ళప్పుడు. గోడౌన్లో బియ్యం బస్తాలు తగ్గాయని స్టోర్‌కీపరని నాన్నని పట్టుకెళ్ళారు. పద్దెనిమిది రోజులు. తీసింది ఆయన కాదని తర్వాత తేలింది, కేసు కొట్టేశారు. కానీ ఆ పద్దెనిమిది రోజులూ మా వీధిలో ఎవరూ మాతో మాట్లాడలేదు. నీ జాతకంలో అమ్మ ఇంకేమీ చూడలేదు. ఆ ఒక్కటే చూసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మేము చెప్పుకునే విషయం కాదది. రేపు సాయంత్రం ఆరింటికి అమ్మ విమానం. అమ్మ కాదంటే నేనూ కాదనే అంటాను. నీ మీద ఇష్టం లేక కాదు. రా ముందు, వచ్చెయ్యి."

చిల్లర అయిపోయింది. ఫోను పెట్టేసి అక్కడే చెక్కగట్టు మీద కూర్చున్నాను. పట్టుకున్నోళ్ళందరూ దొంగలేటి అన్న ఆంటీ మాట అప్పుడర్థమైంది. నేనేమో ఆవిణ్ణి మూఢనమ్మకాల ముసలమ్మ అనుకుని మనసులో ఎన్ని జోకులేసుకున్నానో. సిగ్గేసింది. పద్మ దక్కదేమోనన్న భయం ఆ సిగ్గు కన్నా పెద్దదిగా ఉంది.

తియ్యటి బొబ్బర్లు

గోరుచుట్టు మీద రోకటిపోటులా, తిండి అయిపోయింది. బియ్యం గుప్పెడు మిగిలింది, పప్పు లేదు. ఆ రోజంతా నేను గదికీ రేవుకీ మధ్యన తిరిగాను. ఎదురుగా టాస్మేనియా కొండలు స్పష్టంగా కనపడుతున్నాయి. మధ్యలో ఉన్న ఆ నాలుగు మైళ్ళ నీళ్ళూ నన్ను పోనివ్వలేదు. సాయంత్రం ఎనిమిదైనా వెలుతురు తగ్గదక్కడ, పొద్దు గడవదు. ఖాదర్ కూడా జోకులు మానేశాడు. వాడు జోకులు మానేస్తే నాకింకా భయం.

"ఈత రాదు గదరా నీకు" అన్నాడు చివరికి.

"రాదు."

"మంచిదిలే. లేకపోతే దూకేవాడివి."

సాయంత్రం రాన్ మా ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. డబ్బాలో గింజలు వేడిచేసి బ్రెడ్డు మీద పోసి పెట్టాడు. బెల్లం పాకంలో టమాటాలు పిండి బొబ్బర్లు వేసినట్టుంది. నాకు తీపి కూరలంటే ప్రాణం మీదికొస్తుంది. అయినా ఆకలికి గిన్నె ఊడ్చేశాను. పెట్టినాయన ముందు ముఖం చిట్లించకూడదు కదా.

పొద్దున్నుంచీ నా తిరుగుడు చూస్తున్నాడేమో, ఏమైందని అడిగాడు. చెప్పాను. పద్మ వాళ్ళ నాన్న సంగతి కూడా చెప్పాను. రాన్ తన గిన్నె పక్కన పెట్టాడు.

"మా నాయనమ్మకి తాత ఈ భవనంలోనే ఉన్నాడు" అన్నాడు. "ఒక తాను గుడ్డ దొంగిలించాడని ఇంగ్లండు నుంచి పంపారు. ఇక్కడ చెప్పులు కుట్టేవాడు. ఆ సంగతి నాకు అరవై దాటాక తెలిసింది. మా ఇంట్లో పెద్ద బైబిలుంది, మొదటి పేజీలో వంశంలో అందరి పేర్లూ రాస్తారు. మా నాయనమ్మ ఆ పేజీ కత్తెరతో కత్తిరించేసింది. ఎందుకంటే ఆమె చెల్లెలి పెళ్ళి ఆ పేరు వల్లే ఆగిపోయింది. పెళ్ళికొడుకు వాళ్ళు ఖైదీ రక్తం మాకొద్దన్నారు. ఆ చెల్లెలు ఇక పెళ్ళే చేసుకోలేదు."

"ఇప్పుడో?" అన్నాడు ఖాదర్.

"ఇప్పుడు మా ఊళ్ళో అందరూ వెతుక్కుంటున్నారు, మాకూ ఒక ఖైదీ తాత ఉంటే బాగుండునని. బ్యాడ్జీలు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను." నవ్వాడు గాని ఆ నవ్వు నిలవలేదు. "వందేళ్ళు సిగ్గుపడ్డాం. ఆ తర్వాత గొప్పలు చెప్పుకున్నాం. విడుదలై బయటికొచ్చిన రోజున అతన్ని ఎవరైనా రమ్మన్నారో లేదో, అది మాత్రం ఏ కాగితంలోనూ దొరకలేదు నాకు."

మా గదికొచ్చి గడియ వేసుకుని పడుకున్నాను. మొదటి రోజు పట్టిన నిద్ర ఆ రోజు దగ్గరికి కూడా రాలేదు. అదే గది, అదే మంచం.

సిడ్నీ

ఆదివారం పొద్దున్నే గాలి తగ్గి పడవొచ్చింది. రాన్ గట్టు మీద నిలబడి చెయ్యూపాడు. కారు నడిపింది ఖాదర్. ఒంటిగంట విమానం ఆలస్యంగా బయల్దేరింది. సిడ్నీలో దిగేసరికి మూడున్నర దాటింది. అప్పుడు ఒలింపిక్స్ కోసం ఆ విమానాశ్రయమంతా తవ్వి పోసి ఉంది. విదేశీ విమానాల వైపు వెళ్ళే బస్సు ఆ గోతుల మధ్యన నత్తలా నడిచింది. దిగి పరిగెత్తాను, ఖాదర్ నా వెనకే.

బయట కాలిబాట మీద బెంచీలో కామేశ్వరి ఆంటీ కూర్చుని ఉన్నారు. ఊలు శాలువా, ఒళ్ళో చేతిసంచీ. పద్మ ట్రాలీ పట్టుకుని పక్కన నిలబడి, లోపలికి పదమ్మా అని బతిమాలుతోంది. నన్ను చూసి ఆగిపోయింది.

రెండు రోజుల గడ్డం, నలిగిన చొక్కా, కట్టెపొగ వాసన, బూట్లకి మట్టి. ఆంటీ లేచి నిలబడ్డారు. నా ముఖం కేసి చాలాసేపు చూశారు.

"నిన్న వద్దామనుకున్నావా?"

"అనుకున్నానాంటీ. పడవ లేదు."

"ఏటి తిన్నావు?"

"ఒక ముసలాయన పెట్టింది తిన్నాను. తియ్యటి బొబ్బర్లు."

"నచ్చిందేటి?"

"లేదాంటీ. ఆకలికి తిన్నాను."

ఆవిడ తలాడించారు. "మొన్నటిది లాడ్జీ. నిన్నటిదే జైలు. పోదామంటే పోనీకుండా, పెట్టిందే తిని, ఇంటికాడి మనుషుల కోసం కొట్టుకోడం, అదే నాయనా జైలంటే. తీరిపోయింది."

నేను ఊపిరి పీల్చుకుని ఆవిడ సంచీ అందుకోబోయాను.

"ఆగు. అక్కడే ఉండు. బూట్లిప్పు" అన్నారు.

అర్థం కాలేదు. అయినా వంగి బూట్లూ మేజోళ్ళూ విప్పాను. ఆంటీ సంచీలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పారు. అంత పెద్దావిడ, నడుం నొప్పి మనిషి, ఆ కాలిబాట మీద వంగి నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు. ముందు కుడి కాలు, తర్వాత ఎడమ. నేను వెనక్కి తగ్గబోతే నా మడమ పట్టుకున్నారు. టాక్సీల వాళ్ళు చూస్తున్నారు. ఖాదర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"జైలు నుంచొచ్చిన మనిషికి గుమ్మంలో కాళ్ళు కడిగి లోపలికి పిలవాలి" అన్నారు, తలెత్తకుండానే. "ఆయనొచ్చిన రోజున ఇలాగే ఉన్నారు. గెడ్డం పెరిగిపోయి, చొక్కా నలిగిపోయి. వీధిలో అందరూ అరుగుల మీద కూకున్నారు. నాకు సిగ్గేసింది. వీధి తలుపు తియ్యలేదు. దొడ్డిదారిన రమ్మని సైగ చేసాను. కాళ్ళకి చెంబుడు నీళ్ళివ్వలేదు. ఏ తప్పూ చెయ్యని మనిషి. ఆ తరవాత నాలుగేళ్ళు బతికారు. వీధి తలుపెందుకు తియ్యలేదే అని ఒక్కనాడూ అడగలేదు నన్ను."

పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి తనకీ తెలీదని తర్వాత చెప్పింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

ఆంటీ సీసాలో ఆఖరి చుక్క దాకా పోసి, శాలువా కొసతో నా పాదాలు తుడవబోయారు. తుడవనివ్వలేదు నేను. చెయ్యిచ్చి లేవదీశాను. ఆవిడ నా చెయ్యి వదలకుండా విమానాశ్రయం గుమ్మం వైపు తిరిగారు. అక్కడున్న అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి.

"ఇంక రా నాయనా, లోపలికి రా" అన్నారు.

తడికాళ్ళతో, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచాను.